చెరిపేసిన ఠప్పా జాడ పట్టడం ఎలా?

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టల మధ్య ఒక గాంధీ స్టాంపు కొన్నాను. 1948 ఆగస్టు 15న వచ్చిన నాలుగింటిలో పన్నెండణాలది, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు. ముఖం మీద మచ్చ లేదు. వెనక జిగురు కూడా లేదు. "వానాకాలం ఒకదానికొకటి అంటుకుంటే నీళ్లలో వేసి విడదీశాం సార్, అందుకే గమ్ పోయింది. మాల్ మాత్రం మింటే" అన్నాడు అమ్మినతను. మింట్ అంటే తపాలాలో వాడని, ముద్ర పడని స్టాంపు. వానాకాలం మా ఇంట్లోనూ స్టాంపులు అంటుకుంటాయి కాబట్టి నమ్మేశాను. బేరమాడినట్టే ఆడి, అతను అడిగినంతకు కాస్త తక్కువ ఇచ్చి తెచ్చుకున్నాను.

ఆ రాత్రి దాన్ని దొంగనోట్లు చూసే లైటు కింద పెట్టాను. బాపు భుజం మీద నుంచి కింది అంచు దాకా నెలవంకలాగా ఒక మసక వంపు తేలింది. వంపు లోపల రెండు చిన్న అడ్డగీతలు, ఒకప్పుడు పోస్టాఫీసు ముద్రలో తేదీ ఉన్న చోటు. లైటు ఆపేసి ట్యూబ్‌లైట్ వేస్తే మళ్లీ ఏమీ లేదు, శుభ్రంగా కడిగిన పళ్లెంలా ఉంది.

ఆ స్టాంపు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టిన పిల్లలు ఎవరైనా వస్తే ముందు దాన్నే చూపిస్తాను. ముద్ర చెరిపేవాడు సిరాను మాత్రమే తీయగలడు. ఆ సిరా కాగితానికి చేసినదీ, దాన్ని తీయడానికి తను చేసినదీ రెండూ కాగితంలో మిగిలే ఉంటాయి. మనం పట్టుకోవాల్సింది ఆ రెంటినే. అది ఎలాగో నేను చేసే వరుసలో చెబుతాను.

ముందు లెక్క వేయండి

లెన్స్ తీయకముందే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ స్టాంపు మీద ముద్ర లేకపోతే ఎవరికి ఎంత లాభం? క్యాటలాగ్‌లో వాడినదానికీ వాడనిదానికీ ధరలు పక్కపక్కనే ఉంటాయి. రెండూ దాదాపు ఒకటే అయితే కూర్చుని కడిగే ఓపిక ఎవరికీ ఉండదు. వాడనిది చాలా ఎక్కువ పలికితేనే ఈ పని జరుగుతుంది. గాంధీ సెట్‌లో పది రూపాయలది అందుకే అందరి కళ్లలో పడుతుంది. ఆ సెట్ స్విట్జర్లాండ్‌లో అచ్చయింది. పది రూపాయలది మిగతావాటికంటే పెద్దది, రెండు రంగులది. దాన్ని నకిలీ కొట్టేవాళ్లూ ఉన్నారు, కడిగేవాళ్లూ ఉన్నారు.

బ్రిటిష్ ఇండియా పెద్ద ధర రూపాయి స్టాంపులది ఇంకో కథ. ఏడో ఎడ్వర్డ్ కాలం నుంచి కొన్ని స్టాంపుల మీద 'పోస్టేజ్ అండ్ రెవెన్యూ' అని కలిపి వేయడం మొదలైంది. అంటే అదే స్టాంపు ఉత్తరానికీ పనికొస్తుంది, పత్రానికీ పనికొస్తుంది. ఇప్పటికీ రసీదు మీద రెవెన్యూ స్టాంపు అంటించి అడ్డంగా సంతకం పెడతాం కదా, అలాగే వాటి మీదా కలంతో గీసేవారు. అలా కలం గీత పడిన స్టాంపుకు సేకరణలో విలువ తక్కువ. ఆ గీతను తీసేస్తే? అక్కడే పని మొదలవుతుంది. కొందరు గీత తీసి మింట్ అంటారు. మరికొందరు ఇంకొంచెం తెలివి వాడి, గీత తీసిన చోట ఒక దొంగ తపాలా ముద్ర వేసి 'యూజ్డ్' అని అమ్ముతారు. రెండోది పట్టుకోవడం కష్టం, ఎందుకంటే చూసేవాడి కన్ను ముద్ర దగ్గరే ఆగిపోతుంది.

నిజాం స్టాంపుల్లో ఈ బెడద తక్కువే. 1931లో వచ్చిన చార్మినార్ అణా బిళ్ళ, హైకోర్టు రెండణాల బిళ్ళ వాడినవి కుప్పలుగా దొరికేవి. వాటిని ఎవరూ కష్టపడి కడగరు. దౌలతాబాద్ మీనార్ ఉన్న రూపాయి బిళ్ళ దగ్గర మాత్రం కాస్త ఆగండి. నిజాం కాలపువాటికి వెనక జిగురు లేకపోవడం ఒక్కటే తప్పు పట్టే కారణం కాదు. మన వానలూ మన బీరువాలూ కలిసి అసలు మింట్ స్టాంపుల జిగురునే తినేశాయి.

ఈ రోగం స్టాంపంత పాతది

ప్రపంచంలో మొదటి స్టాంపు, 1840 నాటి పెన్నీ బ్లాక్, నల్లగా ఉండేది కాబట్టి దాని మీద ఎర్ర సిరా ముద్ర వేసేవారు. ఆ ఎరుపు తేలిగ్గా పోయేది. జనం తుడిచేసి మళ్లీ వాడడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండానే, 1841లో, స్టాంపును ఎర్రగా చేసి ముద్రను నల్లగా మార్చారు. తర్వాత కూడా ప్రతి తపాలా శాఖా ఏదో ఒక ఎత్తు వేసింది. అమెరికాలో 1867 నుంచి కొన్నేళ్లు స్టాంపు కాగితాన్ని చిన్న చిన్న గళ్లుగా నొక్కి నలగ్గొట్టేవారు, సిరా లోపలికి ఇంకుతుందని. అఫ్గానిస్తాన్‌లో తొలినాళ్లలో అయితే గొడవే లేకుండా స్టాంపులో ఒక ముక్క చించేసేవారు. అందుకే అక్కడి పాత స్టాంపులు చాలావరకు ఎలుక కొరికినట్టు ఉంటాయి.

మనకు పనికొచ్చే ఎత్తులు రెండు. ఒకటి, కడిగితే తనే కరిగిపోయే రంగు. 1883-84లో బ్రిటన్‌లో వచ్చిన లేత ఊదా, ఆకుపచ్చ స్టాంపులు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. ముద్ర తీయబోతే బొమ్మే వెలిసిపోతుంది. రెండోది సుద్ద పూత పూసిన కాగితం. దాని మీద ముద్రను రుద్దితే పూతతో సహా బొమ్మ ఊడివస్తుంది. ఇలాంటి స్టాంపులో ఒక మూల మాత్రమే పాలిపోయి ఉంటే 'ఎండకు వెలిసింది' అనే మాట ఒప్పుకోకండి. ఎండకైతే స్టాంపు మొత్తం పాలిపోతుంది.

ఇంత పెద్ద కథలెందుకు, మన చిన్నప్పుడు స్టాంపు మీద సన్నగా జిగురు పూసి ఉత్తరం వేసి, అవతలివాళ్లను తిప్పి పంపమని చెప్పి, తడిగుడ్డతో ముద్ర తుడిచేసిన ఘనులు ప్రతి వీధిలోనూ ఉండేవారు. కొందరు కొవ్వొత్తి రుద్దేవారు. అది ఆటలా అనిపించేది కానీ చట్టం ప్రకారం నేరమే. స్టాంపు వాడినట్టు తెలిపే గుర్తును మోసం కోసం చెరిపేస్తే మూడేళ్ల దాకా జైలు అని పాత ఐపీసీ 263వ సెక్షన్‌లోనే ఉంది.

చేతిలో ఏముండాలి

పది రెట్లు చూపించే లెన్స్, ముక్కు చదునుగా ఉండే పట్టకారు, మామూలు చిన్న టార్చి, అల్ట్రావయొలెట్ టార్చి. ఇంత చాలు. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే యూవీ టార్చి దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో కూడా దొరుకుతుంది. కొనేటప్పుడు 365 నానోమీటర్లదే అడగండి. చౌకవి 395వి ఉంటాయి. వాటిలోంచి ఊదారంగు వెలుగే ఎక్కువ వచ్చి, కాగితంలో తేలాల్సిన మసక గీతను ముంచేస్తుంది. నేను మొదట కొన్నది అదే, డబ్బు దండగ.

టార్చి మంచిదో కాదో దుకాణంలోనే తేల్చుకోవచ్చు. జేబులోంచి ఒక నోటు తీసి దాని మీద వేయండి. అంకెలు మెరవాలి, అక్కడక్కడా సన్నటి పోగులు మెరవాలి, నోటు కాగితం మాత్రం మెరవకుండా మసకగానే ఉండాలి. పక్కన ఒక జిరాక్స్ కాగితం పెడితే అది నీలంతెలుపుగా భగ్గుమనాలి. ఈ తేడా స్పష్టంగా కనబడితే టార్చి పనికొస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది డబ్బు పెట్టి కొనక్కర్లేనిది: పోల్చుకోవడానికి అదే స్టాంపు ఇంకొకటి. పూర్తిగా నమ్మకమైన వాడిన స్టాంపు అయినా చాలు. చుట్టూ నాలుగైదు చౌక స్టాంపులు, అదే కాలానివి, ఉంటే మరీ మంచిది. ఒక్క స్టాంపును ఒంటరిగా పెట్టి చూస్తే ప్రతి మచ్చా అనుమానంగానే కనబడుతుంది.

వెనక నుంచి మొదలుపెట్టండి

అందరూ ముఖం చూస్తారు. మీరు తిప్పి చూడండి. తపాలాలో వెళ్లిన స్టాంపు ఒకసారి తడిసింది, కవరుకు అంటింది, మళ్లీ నీళ్లలో నాని విడిపోయింది. ఇన్ని జరిగాక దాని వెనక ఏమీ జరగనట్టు ఉండదు. జిగురు లేకపోతే కాగితం పోగులు మెత్తగా లేచి ఉంటాయి. పాత జిగురు మూలల్లో పసుపు మరకలా మిగులుతుంది.

కొత్తగా జిగురు పూసి ఉంటే పళ్ల కొసలు చూడండి. పళ్లంటే అంచు చిల్లుల మధ్య మిగిలే కాగితపు ముక్కలు. అచ్చుశాలలో ముందు జిగురు పూసి తర్వాత చిల్లులు వేస్తారు కాబట్టి, అసలైన స్టాంపును విడదీసినప్పుడు పళ్ల కొసల్లో తెగిన పోగులు మెత్తగా, పొడిగా, దూదిలా కనబడతాయి. తర్వాత పూసిన జిగురు ఆ కొసల దాకా పాకి వాటిని గట్టిగా చేస్తుంది. వేలికి గుచ్చుకున్నట్టుంటుంది. లెన్స్‌లో చూస్తే కొసల మీద చిన్న మెరుపు బొట్లు కనిపిస్తాయి.

వెనకే చూడాల్సింది ఇంకొకటి ఉంది. ముద్ర వేసే సిరా నూనెతో చేసింది. ముద్ర వేసినప్పుడు నల్లరంగు పైనే ఉండిపోయినా నూనె కాగితంలోకి ఇంకుతుంది. పైన రంగు పోయినా వెనక ఆ నూనె జాడ వలయంగా, లేత గోధుమరంగులో కొన్నిసార్లు మిగిలిపోతుంది. వెలుగుకు అడ్డంగా ఎత్తి పట్టుకుంటే ఆ చోట కాగితం బజ్జీ పెట్టిన పేపరులా కాస్త పారదర్శకంగా ఉంటుంది. రబ్బరు ముద్రల ఊదా సిరా అయితే మరీ ద్రోహి. తడి తగిలితే పాకుతుంది. కడిగినవాడు ముఖం మీద పోగొట్టుకున్నాననుకున్న ఊదా, వెనక గులాబీ ఛాయగా తేలుతుంది.

పక్క నుంచి వెలుగు

గదిలో లైట్లు ఆపేసి, మామూలు టార్చిని స్టాంపుతో సమానంగా బల్ల మీద పడుకోబెట్టండి. వెలుగు కాగితం మీదుగా జారుతూ పోవాలి. ఇప్పుడు స్టాంపును పట్టకారుతో మెల్లగా తిప్పుతూ నాలుగు దిక్కుల నుంచీ చూడండి. సాయంత్రం ఎండలో పొలం గట్ల నీడలు పొడుగ్గా పడినట్టు, కాగితంలోని చిన్న చిన్న గుంటలన్నీ నీడతో లేస్తాయి.

పోస్టాఫీసు ఠప్పా ఇనుపది. క్లర్క్ చెయ్యి బరువు అందరికీ తెలిసిందే, బల్ల అదిరేలా కొడతాడు. ఆ దెబ్బకు కాగితంలో వలయం అంచు దిగుతుంది. సిరా కడిగినా ఆ నొక్కు ఉంటుంది. ముఖం మీద బొమ్మ గీతల వల్ల తెలియకపోతే తిప్పి వెనక చూడండి, అక్కడ అదే వలయం ఉబ్బుగా ఉంటుంది. కలంతో గీసినదైతే ఇంకా తేలిక. పాళీ కాగితాన్ని దున్నేస్తుంది. దాని రెండు కొసలూ వేసిన సన్నటి జంట చాళ్లు, సంతకం వంపుతో సహా కనబడతాయి.

అయితే ఒక జాగ్రత్త. నీళ్లలో నానబెట్టి బరువు కింద పెట్టి ఆరబెడితే నొక్కు చాలావరకు చదునైపోతుంది. కాబట్టి నొక్కు కనబడితే గట్టి రుజువు. కనబడకపోతే ఏమీ తేలనట్టే.

లెన్స్ ఎక్కడ పెట్టాలి

మొత్తం బొమ్మ మీద తిప్పుతూ కూర్చుంటే కళ్లు నొప్పులు తప్ప ఏమీ రాదు. కడిగేవాడి చెయ్యి అందని చోట్లు చూడండి. మొదటిది చిల్లుల లోపలి అంచు. ముద్ర అంచు మీద పడినప్పుడు సిరా పళ్ల మధ్య తెగిన పోగుల్లోకి పాకుతుంది. అక్కడ రుద్దితే పళ్లు ఊడిపోతాయి కాబట్టి ఎవరూ రుద్దరు. ఒక్క నల్లటి పోగు, వెంట్రుక ముక్కంత, అక్కడ చిక్కుకుని ఉంటుంది. నా గాంధీ స్టాంపులో కింది అంచున ఎడమ నుంచి నాలుగో పన్ను మీద అలాంటిదే ఉంది. కొన్నరోజు లెన్స్ నా జేబులోనే ఉంది. తీసి ఉంటే ఆ ఒక్క పోగు నా డబ్బు మిగిల్చేది.

రెండోది మూలలు. తేలిగ్గా కడగగలిగేది నిండుగా ముద్ర పడ్డదాన్ని కాదు, ఒక మూల తగిలీ తగలనట్టు పడ్డదాన్ని. నాలుగు స్టాంపుల మధ్య ఒకే ముద్ర కొడితే ఒక్కోదానికి ఒక్కో మూల వస్తుంది. అవే కడిగేవాడికి ముడిసరుకు. కాబట్టి నాలుగు మూలలనూ ఒకదానితో ఒకటి పోల్చండి: రంగు చిక్కదనం, తెల్లటి ఖాళీల తెలుపు, గీతల పదును. మూడు మూలలు ఒకలా ఉండి నాలుగోది పాలిపోయి, దాని గీతలు దూది పట్టినట్టు మసకబారితే అక్కడ రబ్బరో రసాయనమో తగిలింది.

కొందరు పాలిపోయిన చోట రంగు పెన్సిల్‌తోనో సన్న కుంచెతోనో దిద్దుతారు. అచ్చు గీత అంచు పదునుగా ఉంటుంది. దిద్దినది పోగుల వెంట పాకి ఉంటుంది. లెన్స్‌లో అది బట్ట మీద పడ్డ టీ మరకలా కనబడుతుంది.

చీకటి గదిలో

అసలు పని ఇక్కడే. రాత్రిపూట కిటికీ లేని బాత్‌రూమ్ చాలు. లోపలికెళ్లి లైటు ఆపి ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. కళ్లు చీకటికి అలవాటు పడకుండా టార్చి వేస్తే సగం జాడలు దాటిపోతాయి. ఇంట్లోవాళ్లు తలుపు కొడతారు, ముందే చెప్పి వెళ్లండి. టార్చిని ఎప్పుడూ కళ్లలోకి వేసుకోకండి. యూవీ ఆపే కళ్లద్దాలు ఉంటే పెట్టుకోండి. స్టాంపుల కింద మామూలు తెల్లకాగితం పెట్టకండి, దాని మెరుపే గది నిండుతుంది. నల్లటి గుడ్డ కానీ నల్ల చార్టు కానీ వేసి, అనుమానపు స్టాంపును పోల్చే స్టాంపుల మధ్యలో పెట్టండి.

ఏమేం కనబడవచ్చో చెబుతాను. పాత కలం సిరాలో ఇనుము ఉంటుంది. ఆక్సాలిక్ ఆమ్లం లాంటిదానితో దాని రంగును పోగొట్టవచ్చు, కానీ కాగితంలో ఇంకిన ఇనుము పూర్తిగా రాదు. ఆ మిగిలినది యూవీ వెలుగును మింగేస్తుంది. అందుకని పగలు కనబడని సంతకం రాత్రి నల్లటి గీతగా లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నిజంగా ఒళ్లు జలదరిస్తుంది. ఎనభై ఏళ్ల కిందటి గుమాస్తా ఎవరో అప్పుడే సంతకం పెట్టి వెళ్లినట్టుంటుంది.

ముద్ర వేసే నల్ల సిరాది వేరే దారి. అందులో ఉండేది మసి. దాన్ని ఏ ఆమ్లమూ తెల్లబరచలేదు. సబ్బుతోనో, ద్రావకంతోనో, రుద్దుడుతోనో ఊడగొట్టాల్సిందే. ముద్ర చోట మసక వంపు మిగిలితే మిగిలిన మసీ నూనే కారణం. దాని చుట్టూ కాగితం మిగతా చోట్లకంటే వేరుగా, ఒక మేఘంలా, వెలిగినా మందగించినా అది రుద్దినవాడి చేతి జాడ. కొన్నిసార్లు ముద్ర పూర్తిగా పోయి ఈ మేఘం ఒక్కటే ఉంటుంది. వెలుగు కంటే హద్దును చూడండి. హద్దు ఉన్న మేఘం మనిషి చేసినది.

మూడోది మరీ సూటిగా పట్టిస్తుంది. బట్టల సబ్బుపొడిలో, ఇప్పటి తెల్లకాగితాల్లో తెలుపు పెంచే పదార్థాలు కలుపుతారు. అవి యూవీ కింద నీలంతెలుపుగా మెరుస్తాయి. కాగితాల్లో వీటి వాడకం 1950ల నుంచే పెరిగింది. అంతకు ముందరి స్టాంపు మీ టార్చి కింద జిరాక్స్ కాగితంలా భగ్గుమంటే అది సబ్బుపొడి నీళ్లలో మునిగిందన్నా అనుకోవాలి, కాగితమే కొత్తదన్నా అనుకోవాలి. వెనక మాత్రమే మెరిస్తే కొత్త జిగురును అనుమానించండి.

ఇక తొందరపడి తీర్పు చెప్పకండి. చెమట చేతి వేలిముద్ర కూడా యూవీలో కనబడుతుంది. హింజ్, అంటే స్టాంపును ఆల్బమ్‌లో పెట్టే చిన్న జిగురు కాగితం, అంటించిన చోట చతురస్రం కనబడుతుంది. ఆల్బమ్ కాగితం మెరుపు అంటుకుని ఒక వైపంతా లేతగా వెలగవచ్చు. కవరు మీద నుంచి తీసేటప్పుడు ఎవరో అమాయకంగా సర్ఫ్ నీళ్లలో నానబెట్టి ఉండవచ్చు, మా ఇంట్లోనే అలా జరిగింది. తేడా ఒక్కటే: ఇవేవీ వలయంగా ఉండవు. వంపు, సమాన దూరంలో గీతలు, అక్షరం ముక్క, వీటిలో ఏదైనా ఉంటేనే ముద్ర.

ఫోన్, స్కానర్

యూవీలో ఏమీ తేలకపోయినా అనుమానం వదలకపోతే స్కానర్ మీద పెట్టి 1200 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేయండి. గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ చిత్రాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుగా విడదీయవచ్చు. కిటుకు చిన్నదే. ఎర్ర స్టాంపు ఎర్ర పొరలో దాదాపు తెల్లబడిపోతుంది. బొమ్మ అలా తప్పుకోగానే దాని చాటున దాక్కున్న బూడిదరంగు ముద్ర శేషం బయటపడుతుంది. నీలం స్టాంపుకు నీలం పొర, ఆకుపచ్చకు ఆకుపచ్చ పొర. ఆ తర్వాత కాంట్రాస్ట్ బాగా పెంచండి. నల్ల స్టాంపుకూ ముదురు గోధుమరంగుకూ ఇది పెద్దగా పనిచేయదు. ఫోన్ ఫొటోతో కూడా చేయవచ్చు కానీ ఫోన్ తనంతట తనే ఫొటోను నున్నగా చేసి చూపిస్తుంది, మనకు కావాల్సిన మసక గీతను మచ్చ అనుకుని తుడిచేస్తుంది. కడిగేవాడికి సాయం చేసినట్టే.

ద్రవం ఆఖరున

వాటర్‌మార్క్ చూసే పెట్రోలియం ద్రవం సేకరణ చేసేవాళ్లందరికీ తెలుసు, లైటర్‌లో పోసే ద్రవం లాంటిదే. నల్ల పింగాణీ పళ్లెంలో స్టాంపును బోర్లా పెట్టి నాలుగు చుక్కలు వేస్తే రుద్దుడు వల్ల పలచబడ్డ చోటు, అతుకు, మడత నల్లగా కనబడతాయి. ఆరగానే మాయమవుతాయి. ముద్రను గీకి తీసి ఉంటే గీకినంత మేరా కాగితం పలచబడి ఉంటుంది కాబట్టి ఆ ఆకారం ఇందులో తేలుతుంది.

దీన్ని ఆఖరున ఎందుకు పెట్టానంటే, ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో అచ్చయిన కొన్ని స్టాంపుల రంగు ఈ ద్రవానికి కదులుతుంది. 1948 గాంధీ సెట్ ఆ పద్ధతిదే. ముందు అదే రకం చౌక స్టాంపు మీద ఒక చుక్క వేసి చూడండి. ఇంకో మాట, ఇది ఇట్టే అంటుకునే ద్రవం. దేవుడి దగ్గర దీపం వెలుగుతున్న గదిలో, వంటింటి పక్కన చేయకండి. ఫ్యాన్ వేసి, కిటికీ తీసి చేయండి.

నీళ్లతో పరీక్ష అనేది మాత్రం లేదు. 'తడిపితే ముద్ర పైకి వస్తుంది' అని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. తడిపితే జిగురు పోతుంది, కరిగే రంగైతే బొమ్మ పోతుంది, రుజువు కూడా పోతుంది. సుద్ద పూత ఉందో లేదో తెలుసుకోవడానికి వెండి ముక్కతో అంచున గీసి నల్ల గీత పడిందా అని చూసే పాత పద్ధతి ఒకటుంది. ఐదు రూపాయల స్టాంపు మీద సరదాగా చేసుకోండి. ఐదు వేలదాని మీద ఆ గీత మీరే వేసిన కొత్త ముద్ర అవుతుంది.

కొనే చోట

జుమేరాత్ బజార్‌లోనో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో ఇవన్నీ కుదరవు. అక్కడ మీకున్నది రెండు నిమిషాలు, ఒక లెన్స్, ఎండ. అందుకని వరుస కుదించుకోండి: వెనక తిప్పి చూడటం, ఎండకు ఏటవాలుగా పెట్టి నొక్కు చూడటం, నాలుగు మూలలు, చిల్లుల లోపలి అంచు. యూవీ టార్చి ఉంటే సంచిలో చెయ్యి పెట్టి చీకట్లో ఒకసారి వేయండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

ధర పెద్దదైతే అమ్మేవాణ్ని రెండు అడగండి. "అన్నా, బిల్లు మీద మింట్ అని రాసిస్తావా? తేడా ఉంటే పది రోజుల్లో వాపసు తీసుకుంటావా?" దీనికి ఒప్పుకునేవాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గరే కొనండి. 'ఇంత చిన్నదానికి బిల్లేంటి సార్' అంటే, యూజ్డ్ ధరకు ఇస్తే తీసుకుంటానని చెప్పండి. వేలల్లో ఉన్న స్టాంపుకైతే నిపుణుల సర్టిఫికెట్ లేకుండా వెళ్లకండి. లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ లాంటి సంస్థల నిపుణుల కమిటీల దగ్గర ఇన్‌ఫ్రారెడ్‌తో సహా రకరకాల వెలుగుల్లో చూసే యంత్రాలుంటాయి. మసి ఉన్న నల్ల సిరా ఇన్‌ఫ్రారెడ్‌ను మింగేస్తుంది, చాలా రంగు సిరాలు దాన్ని వదిలేస్తాయి. బొమ్మ మాయమై ముద్ర ఒక్కటే తెర మీద నిలబడుతుంది. మన బాత్‌రూమ్‌లో అది కుదరదు. సర్టిఫికెట్‌కు ఖర్చూ సమయమూ రెండూ అవుతాయి కాబట్టి చిన్న స్టాంపులకు ఆలోచించనక్కర్లేదు.

చివరికి కడిగినదే అని తేలితే? వాపసు ఇవ్వగలిగితే ఇచ్చేయండి. స్కాన్‌నూ యూవీ ఫొటోనూ చూపించండి, గొడవ పడకండి. అమ్మినతనికే తెలియకపోయి ఉండవచ్చు, అతనూ ఎవరి దగ్గరో కొన్నాడు. ఇవ్వలేకపోతే వెనక పెన్సిల్‌తో ఏమీ రాయకండి, దాన్ని కూడా చెరిపేయవచ్చు. ఒక చిన్న ప్లాస్టిక్ కవరులో స్టాంపునూ, 'ముద్ర తీసేసినది' అని రాసిన చీటీనీ, యూవీ ఫొటో ప్రింటునూ కలిపి పెట్టండి. నా గాంధీ కవరు మీద కొన్న ధర కూడా రాసి ఉంది, ఎర్ర సిరాతో.